కరీంనగర్ పోని సీసా

మంచి సిస్టర్ అని నాకు పేరుండేది. ఆ మంచితనంతోనే ఒక మనిషికి చేటు చేశాను.

నర్సింగ్ చదివే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. "మేడం, మీ సర్వీసు ముచ్చట్లు చెప్పుండ్రి" అని అడిగినప్పుడల్లా కాన్పుల కథలూ పాముకాటు కథలూ చెప్పి పంపేదాన్ని. వాటిలో చివరికి గెలిచేది నేనే కాబట్టి చెప్పుకోవడానికి బాగుంటాయి. పోయిన నెల ఒక పిల్ల, అప్పటిదాకా నోరు విప్పని పిల్ల, "మేడం, మీరెప్పుడన్న తప్పు చేసిన్రా?" అని అడిగింది. పక్కనున్న వాళ్లు గిల్లారు. నేను చాయ్ పెడతానని లోపలికి పోయి స్టవ్ ముందు ఊరికే నిలబడ్డాను. ఆ పిల్లకు ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు రాయను. నా పేరు కూడా రాయను, రిటైరయినా సిగ్గు ఉంటుంది కదా.

మాది బోయినపల్లి దిక్కు. అమ్మా నాయనా కూలి చేసేవాళ్లు. చర్చి హాస్టల్లో ఉండి చదువుకుని నర్సునయ్యాను. మా అమ్మకు కడుపునొప్పి వచ్చినప్పుడు దవాఖానకు వెంటపోయిన రోజులు నాకు బాగా గుర్తు. ఇవాళ చీటీ, రేపు రక్తం, ఎల్లుండి రిపోర్టు. ఒక్కొక్క తిరుగుడుకు ఒక్కొక్క రోజు కూలి పోయేది. నేను నర్సునైతే జనాన్ని ఇట్లా తిప్పను అని అప్పుడే అనుకున్నాను. మొదటి పోస్టింగు సిరిసిల్ల. అక్కడ మరమగ్గాల మీద పనిచేసే వాళ్లు మగ్గం ఆపి వచ్చి, మళ్లీ మగ్గం దగ్గరికి ఉరికేవాళ్లు. సూదైనా కట్టైనా వాళ్లను రేపు రమ్మనేదాన్ని కాదు. బతిమాలో గొడవ పెట్టుకునో ఒక్క పూటలో పని చేయించి పంపేదాన్ని. అందుకే లోపలికి వస్తూనే "సిస్టరమ్మ ఉన్నదా?" అని అడిగేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు పొంగేది. అబద్ధమెందుకు, జీతం కంటే ఆ మాటే రుచిగా ఉండేది.

సర్వీసు చివరి ఏళ్లు జగిత్యాల జిల్లాలో ఒక చిన్న సర్కారు దవాఖానలో గడిచాయి. ఏదని అడగొద్దు, చెప్పను. కరోనా సద్దుమణిగిన తర్వాతి రోజులవి. చిన్న ఆపరేషన్ల గది నాది. సర్జన్ ఒక యువకుడు, మాట తక్కువ, చెయ్యి సాఫీ. మాకు తోడు ఒక డ్రెస్సర్ అన్న ఉండేవాడు. కట్లు కట్టడంలో అతని అంతటోడు లేడు, నోరు మాత్రం ఒక్క నిమిషం ఊరుకోదు.

గురువారం గురువారం గడ్డలు కోసేవాళ్లం. వీపు మీద గడ్డ, మెడ మీద గడ్డ, భుజం మీద గడ్డ. అన్నీ దాదాపు కొవ్వు గడ్డలే. కోసిన ముక్కను ట్రేలో పెట్టి బయటి వాళ్లకు చూపించడం మా దగ్గర అలవాటు. "సూడుండ్రి, మొత్తం అచ్చింది, ఇగ రంది లేదు" అని డ్రెస్సర్ అన్న పెళ్లి భోజనంలో లడ్డూలు చూపించినట్టు చూపించేవాడు. ముక్కను పరీక్ష చేసే ల్యాబు మాకు లేదు. డాక్టరుకు అనుమానం ఉంటే మందునీళ్ల సీసాలో ముక్క వేసి, మూతకు ప్లాస్టర్ చుట్టి, చీటీతో సహా ఇంటివాళ్ల చేతికే ఇచ్చేవాళ్లం. వాళ్లు బస్సెక్కి కరీంనగర్ పోయి ఇచ్చి రావాలి. మళ్లీ వారానికి పోయి రిపోర్టు తెచ్చుకోవాలి. అంటే రెండు రోజులు పని బంద్.

ఆ గురువారం వచ్చినాయన గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన మనిషి. మల్లాపూర్ దిక్కు పల్లె, అరవైకి దగ్గర వయసు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడ బిల్డింగుల పని. మెడ వెనకా, చేతుల మీదా ఎండకు కాలి కాలి చర్మం తోలులా బిరుసెక్కింది. ఎడమ ముంజేతి మీద రేగుపండంత గడ్డ. ఎర్రగా, కొంచెం వంకాయ రంగు కలిసి, నున్నగా మెరుస్తోంది.

"నొప్పి ఉన్నదా?" అని అడిగాను.

"నొప్పి లేదు, దురద లేదు మేడం. అంగీ చెయ్యి మడుస్తుంటె తగుల్తది, గప్పుడు యాదికొస్తది."

"ఎన్ని రోజులాయె?"

"అక్కడున్నప్పుడు మిరియం గింజంత ఉండె. రెండు నెలలల్ల గింతయింది. ఖల్లివల్లి అనుకొని ఊకున్న." ఖల్లివల్లి అంటే పోనీలే అని. గల్ఫ్ పోయొచ్చిన వాళ్ల నోట్లో రోజుకు పదిసార్లు వినబడే మాట.

పక్కన ఆయన భార్య. బీడీలు చేస్తుంది. ఆకు కత్తిరించి కత్తిరించి వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. "సెగగడ్డ అనుకొని పసుపు, సున్నం పెట్టిన సిస్టరమ్మా. పలుగుతదేమో అని సూసిన. పలుగలే, పెరుగుడే" అంది.

పిల్లలూ, ఇక్కడ ఆగి ఒక మాట. నొప్పి లేని గడ్డ, వారాల్లో పెరిగే గడ్డ, ఎండ తగిలే చోట వచ్చిన గడ్డ. ఈ మూడూ కలిసి ఆయన నోటితోనే, ఆయన భార్య నోటితోనే నాకు చెప్పారు. ఇప్పటి పుస్తకాల్లో ఇవే మాటలున్నాయని తర్వాత తెలిసింది. ఆ రోజు నా చెవులు విన్నాయి గానీ బుర్రకు పోలేదు. నొప్పి లేదంటే భయం లేదని మనందరి లెక్క. ఆ లెక్క తప్పు.

సర్జన్ సారు కోశాడు. కుట్లు వేస్తూ, "కొవ్వు గడ్డ అనుకున్నా కానీ సిస్టర్, రంగు నచ్చలేదు. ముక్క కరీంనగర్ పంపిద్దాం" అని చీటీ రాసి బయట కూర్చున్న భార్యకు ఇప్పించాడు. అదే నిమిషంలో ఆటో బోల్తా పడిందని నలుగురిని మోసుకొచ్చారు. సారు గ్లవ్స్ మార్చుకుంటూ అటు పరుగెత్తాడు.

డ్రెస్సర్ అన్న ట్రే లోకి వంగి చూశాడు. "సిస్టర్, కొవ్వయితే పచ్చగుంటది గదా. గిదేంది, చేప కండ లెక్క తెల్లగున్నది?"

"డాక్టరువైనవా ఏంది?" అన్నాను. నిజంగా ఇవే మాటలు. అతను నవ్వి ఊరుకున్నాడు.

ఆయన ఇంకా లోపల బల్ల మీదే ఉండగా ట్రే పట్టుకుని బయటికి వచ్చాను. ఆమె చీటీని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. "సిస్టరమ్మా, కరీంనగర్‌ల గా ల్యాబు ఎక్కడుంటది?" అని అడిగింది. ముఖమంతా దిగులు. ఆ ముఖంలో నాకు మా అమ్మ కనిపించింది. రెండు రోజుల బీడీలు పోతాయి. బస్టాండులో ఎటు దిగాలో తెలియక నలుగురినీ అడుగుతూ తిరుగుతుంది. ఇదంతా ఒక కొవ్వు ముక్క కోసం.

"ఎక్కడికి పోకు చెల్లె" అన్నాను. "కొవ్వు గడ్డనే. గిసొంటియి వారానికి పది సూస్త. పరేషాన్ గాకు. మనిషికి మంచిగ తిండి పెట్టు, పదిరోజులకు కుట్లు ఇప్పుదాం."

ఆమె ముఖం విప్పారింది. నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఆమె పోయాక ముక్కను బకెట్లో వేశాను. ఆ సాయంత్రం ఇంటికి పోతూ మనసు తేలిగ్గా ఉంది. ఇంకొక తల్లికి ఒక తిరుగుడు తప్పించానని.

కుట్లు విప్పిన రోజు పుండు శుభ్రంగా మానింది. ఆయన నాకు ఖర్జూరం పొట్లం ఇచ్చి, "ఇగ టికెట్ చేసుకుంట మేడం" అన్నాడు. సారు ఆ రోజు వేరే కేసులో ఉన్నాడు. తొంగి చూసి "బాగుంది" అని వెళ్లిపోయాడు. రిపోర్టు సంగతి ఆయనకు గుర్తు రాలేదు, నేను గుర్తు చేయలేదు.

ఆయన టికెట్ చేసుకోలేదు. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ వచ్చారు ఇద్దరూ. కుట్ల గీత పక్కనే రెండు కొత్త గడ్డలు, అదే వంకాయ రంగు. సారు చెయ్యి ఎత్తమని చంకలో వేళ్లు పెట్టి చూశాడు. చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. చంకలో నిమ్మకాయంత గడ్డ ఉందట, గట్టిగా.

"రిపోర్టు ఏదమ్మా?" అని అడిగాడు.

ఆమె కొంగు సర్దుకుంది.

"సీసా తీసుకుని కరీంనగర్ పొమ్మని చీటీ రాశాను కదా. రిపోర్టు ఏమని వచ్చింది?"

ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత తల వంచింది. "పోలే సారు. నేనే పోలే. బీడీల పని ఉండె."

సారుకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. "బీడీలు ఎక్కువయ్యాయా నీకు, మనిషి కంటే? రెండు నెలలమ్మా! రెండు నెలలు పోయాయి!" అని అరిచాడు. ఆమె తల ఇంకా కిందికి దిగింది. అంతకంటే చూడలేనిది ఇంకొకటి ఉంది. ఆయన తన భార్యను చూసిన చూపు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. రిపోర్టులోనే కొవ్వు గడ్డ అని వచ్చిందని ఆయన అన్నాళ్లూ అనుకున్నాడట.

మరి నేను? నేను ట్రేలో కత్తెర్లు సర్దుతున్నాను. సర్దినవే మళ్లీ సర్దుతున్నాను. నోరు తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మెమో వస్తుంది, ఎంక్వైరీ పడుతుంది, అందరి నోటా నా పేరు నానుతుంది. రిటైర్‌మెంట్ దగ్గర పడింది. డ్రెస్సర్ అన్న తలుపు దగ్గర నుంచి నాకే వినపడేట్టు, "ఊకోండ్రి సిస్టర్. ఆమెనే ఒప్పుకున్నది గదా" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు. నేనూ ఊకున్నాను. సారు రెండో చీటీ రాసేదాకా, వాళ్లిద్దరూ లేచి బయటికి పోయేదాకా ఊకున్నాను. నన్ను తిట్టాలనుకుంటే ఆ రెండు మూడు నిమిషాలకు తిట్టండి.

వరండాలో ఆయన గొంతు వినిపించింది. గట్టిగా కాదు, అడుక్కుంటున్నట్టు. "ఒక్కనాడు పోయొస్తె ఏమైతుండెనే? నేను ఇరవై ఏండ్లు పరాయి దేశంల ఎండల సచ్చిన గదనే. నువ్వు ఒక్కనాడు బస్సెక్కలేవా?"

ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. 

ఇక నాకు కాళ్లు ఆగలేదు. పోయి వాళ్ల ముందు నిలబడ్డాను. చీటీల లైన్లో ఉన్న జనమంతా చూస్తున్నారు. "అన్నా, ఆమెనేం అనకు. ఆమె పోతనే అన్నది. ల్యాబు ఎక్కడని గూడ అడిగింది. నేనే వద్దన్న. ముక్క నేనే పారేసిన. తప్పు నాది" అన్నాను. ఏడుపు వచ్చింది. ఇంత వయసుదాన్ని, యూనిఫారం మీద, అందరి ముందు ఏడ్చాను.

ఆయన నన్ను చూశాడు, భార్యను చూశాడు. కిందికి వంగి ఆమె రెక్క పట్టి లేపాడు.

లోపలికి పోయి సారుకు కూడా అదే చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, "కుట్లు విప్పిన రోజు రిపోర్టు ఏదని అడగాల్సింది నేను సిస్టర్. నేనూ అడగలేదు. మీరు రాసివ్వండి, నేనూ రాస్తాను" అన్నాడు. రాసిచ్చాం ఇద్దరం. నా సర్వీసులో మొదటి మెమో అది, చివరిదీ అదే. డ్రెస్సర్ అన్న ఆ మెమో చదివి, "సిస్టర్, మీ అక్షరాల కన్న వీళ్ల టైపింగ్ మంచిగున్నది" అని నవ్వించబోయాడు. నవ్వు రాలేదు గానీ, పక్కన మనిషి ఉన్నాడనిపించింది.

రెండో ముక్కను నేనే తీసుకుపోయాను. సెలవు పెట్టి, సీసాను ఒడిలో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కరీంనగర్ దాకా. ల్యాబులో ముక్కలు చూసే డాక్టరమ్మ నా వయసుదే. మైక్రోస్కోపులో చూసి వెంటనే ఏదీ తేల్చలేదు. "చిన్న చిన్న గుండ్రటి కణాలు, కిక్కిరిసి ఉన్నాయి. ఇట్లాంటివి రెండు మూడు జబ్బుల్లో కనబడతాయి. ప్రత్యేకమైన రంగు పరీక్షకు హైదరాబాద్ పంపాలి" అంది. ఆ రిపోర్టు వచ్చిన రోజు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. దాని పేరు మెర్కెల్ సెల్ కార్సినోమా. చర్మ క్యాన్సర్లలో అరుదైనది, అంతే దుడుకుది.

"ఎందుకొచ్చింది మేడం?" అని అడిగాను.

"ఒక వైరస్ ఉంది సిస్టర్. మనలో చాలామంది చర్మం మీద ఉంటుంది. చిన్నప్పుడే చేరుతుంది, జీవితమంతా మన జోలికి రాదు. ఎక్కడో ఒకరిలో మాత్రం అది కణం లోపలికి దూరి, దాని జన్యువులో అతుక్కుపోతుంది. అప్పుడు ఆ కణం అదుపు తప్పుతుంది. ఏళ్ల తరబడి ఎండ చర్మాన్ని పాడుచేసినా వస్తుంది. వయసు పైబడినా, ఒంట్లో కాపలా శక్తి తగ్గినా ఆ ప్రమాదం ఎక్కువ. ఈయనకు వైరసా, ఎండా, రెండూనా, నేను చెప్పలేను."

నాకు కావలసిన ప్రశ్న ఒక్కటే. "మొదటి ముక్క మీ దగ్గరికి వచ్చి ఉంటే?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "అప్పటికే చంకలోకి పాకి ఉండొచ్చు. పాకకపోయి కూడా ఉండొచ్చు. ఎవరూ చెప్పలేరు. రెండు నెలలు ముందు మొదలై ఉండేది, అంతవరకు చెప్పగలను."

పట్నంలో, అంటే హైదరాబాద్‌లో, పెద్ద క్యాన్సర్ దవాఖానకు పంపించాం. గడ్డ చుట్టూ మంచి చర్మం కూడా వెడల్పుగా తీశారు, చంకలోని గడ్డలన్నీ తీశారు. తర్వాత వారాల పాటు కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా దిక్కు జనం అట్లాగే అంటారు. నిద్రపోతున్న కాపలా శక్తిని లేపే ఇంజెక్షన్లు కొత్తగా వచ్చాయని, ఈ జబ్బుకు అవి కొందరిలో బాగా పనిచేస్తాయని అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడు. మనలాంటి వాళ్లకు అవి దొరకడం కష్టం. ఆ డాక్టరే ఎక్కడెక్కడో మాట్లాడి కొన్ని డోసులు ఇప్పించాడు.

ఈలోగా ఊళ్లో ఇంకో గొడవ. రిపోర్టులో వైరస్ అనే మాటను ఎవరో చదివారు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి, పైగా వైరస్. ఇంక చెప్పాలా! ఏ జబ్బు అంటగట్టారో మీరే ఊహించుకోండి. బీడీలు చేసే ఆడవాళ్లు ఆమె చాట పక్కన చాట పెట్టడం మానేశారట. ఆమె నాకు ఫోన్ చేసి ఏడిస్తే, కోపంతో మల్లాపూర్ బస్సెక్కాను. వాళ్లు చేరి కూర్చునే అరుగు మీద పోయి మధ్యలో కూలబడ్డాను.

"మీరు అనుకుంటున్న జబ్బుకు పరీక్ష చేసిన్రు, లేదు. గీ వైరస్ అది కాదు. నా చేతి మీద ఉండొచ్చు, మీ చేతుల మీద ఉండొచ్చు. గడ్డ ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది గాదు" అన్నాను.

ఒక ముసలామె తన చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "మరి మాకెందుకు రాలే బిడ్డా గడ్డ?"

"గదే ముచ్చట పెద్ద పెద్ద డాక్టర్లు గూడ అడుగుతున్నరు అవ్వా. తెలిసినంక నీకే ముందు చెప్త."

అరుగంతా నవ్వింది. ముసలామె తన చాటను జరిపి, దూరంగా నిలబడ్డ ఆయన భార్యకు చోటిచ్చింది. నా సర్వీసులో నేను బాగా చేసిన పని ఏదైనా ఉంటే ఆ పూట చేసిందే అనుకుంటాను.

ఆయన నాతో మాట్లాడింది రేడియేషన్ రోజుల్లో. పట్నంలో చూడ్డానికి పోతే, మంచం మీద కూర్చుని నారింజ ఒలుస్తున్నాడు. నేను మళ్లీ క్షమాపణ మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపాడు. "మేడం, ఎండను తిట్టాల్నా, వైరస్‌ను తిట్టాల్నా, మిమ్ముల తిట్టాల్నా? వరుస కట్టుండ్రి, ఒక్కొక్కరినే తిడ్త" అన్నాడు. సగం నారింజ నా చేతిలో పెట్టాడు. "మీరు ఆనాడు వరండాలకు అచ్చి చెప్పకపోతే నేను దాన్ని జిందగీల మాఫ్ చేయకపోదును. గది చాలు" అన్నాడు. దాన్ని అంటే భార్యను.

రెండున్నరేళ్లు బతికాడు. అందులో మంచి రోజులు చాలానే ఉన్నాయి. పొద్దు వాలాక పసుపు చేను గట్ల మీద తిరిగేవాడు, పొడుగు చేతుల అంగీ వేసుకుని. మూడు నెలలకోసారి పరీక్షలకు పోయొచ్చి నాకు ఫోన్ చేసేవాడు. తర్వాత కాలేయంలో కనబడింది. చివరి వారం ఇంట్లోనే ఉంచుకున్నారు. నేను పోయి నొప్పికి సూదులు ఇచ్చాను. భార్య చెయ్యి పట్టుకునే పోయాడు.

నెల తిరిగాక ఆమెను చూసి రావాలని పోయాను. ఇంటి ముందు కూర్చుని బీడీలు చేస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, ఎన్నోసారో గానీ మళ్లీ అదే మాట అన్నాను. "చెల్లె, ఆనాడు నేను వద్దనకపోతే..."

ఆమె చేతులు ఆగాయి. "అక్కా, నీకొక ముచ్చట చెప్పాలె. ఆయన ఉన్నన్ని రోజులు చెప్పలేకపోయిన" అంది.

"చెప్పు."

"ల్యాబు ఎక్కడని నిన్ను అడిగిన గదా. నేను పోదామని అడగలే. నువ్వు పోవద్దంటవని అడిగిన. మా ఊరోళ్లు ముందే చెప్పిండ్రు, గా సిస్టరమ్మ ముందల మొహం జెర చిన్నగ జేస్కుంటె చాలు, తిప్పదు అని. సారు అడిగిన్నాడు నేనే పోలే అన్నది నిన్ను కాపాడనీకి కాదక్కా. గది నిజం, నాకే పోబుద్ధి కాలే. నువ్వు అచ్చి తప్పు నాదన్నవు. నేను నోరు మూసుకున్న. ఆయన నా మీద కోపం లేకుంటనే పోయిండు."

పిల్లలూ, మీకు నిజం చెప్తానన్నాను కదా, చెప్తున్నా. నా లోపల ఏదో బరువు దిగినట్టయింది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. మొహం చిన్నగా చేసుకున్న ప్రతివాళ్లకూ లొంగడానికి కాదు కదా నేను యూనిఫారం వేసుకున్నది. ముక్క నా చేతిలో ఉంది. చీటీ నాకు కనబడింది. తెల్లగా ఉందని డ్రెస్సర్ అన్న చెప్పాడు.

"నువ్వేం జేసినా, ముక్క బకెట్ల ఏసింది నేనే చెల్లె. తప్పు మొత్తం నాదే. నువ్వు మనసుల పెట్టుకోకు" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

"మొత్తం నువ్వే మోసుకపోతె నాకేం మిగుల్తదక్కా ఆయనకోసం మోయనీకి? సగం నాకు ఇడిసిపెట్టు."

ఇంకేం అనను? సగం ఆమెకు వదిలేసి, నా సగం తీసుకుని ఇంటికి వచ్చాను.